అబద్ధం చెప్పని ముల్లు

కంచరపాలెంలో మా వీధి చివరి బేకరీలో ఇప్పటికీ కట్టెల పొయ్యే. దాని తలుపుకున్న వేడి మీటరును మాస్టరు గోటితో టక్ టక్‌మని రెండుసార్లు కొట్టి, "ముల్లు అబద్దం సెప్పదమ్మా" అనేవాడు. ఆ మాట తలుచుకుంటే నాకింకా ఒళ్లు మండుతుంది.

మా బాబు మొదటి పుట్టినరోజుకి నేనే పిండి కలిపి, కేకు కాల్చమని ఆయనకిచ్చాను. ముల్లు నూట ఎనభై దగ్గరే ఉంది. కేకు మాత్రం బొగ్గయి బయటికొచ్చింది. మీటరు తక్కువ చూపిస్తోందేమో అన్నాను. ఆయన మా ఆడపడుచు ముందే నవ్వాడు.

"పిండి కలపడం రాదు గానీ, నా పొయ్యికి వంకలెడతన్నావేటి?"

బాబు కొవ్వొత్తిని బన్ను మీద గుచ్చాం. ఆ రాత్రంతా తప్పు నాదేనేమోనని పిండి కొలతలు నెమరువేసుకుంటూనే ఉన్నాను.

మర్నాడు జనం ఉన్న వేళ చూసి వెళ్లాను. వాళ్ల టీ గిన్నెలో నీళ్లు తెర్లుతున్నాయి.

"మాస్టారూ, మరిగే నీళ్లు ఎన్ని డిగ్రీలు?"

"నూరు. అదీ తెల్దేటి?"

"అయితే మీ మీటరు ముంచి చూపించండి."

ధీమాగా ఊడదీసి, దాని కడ్డీని నీళ్లలో ముంచాడు. ముల్లు డెబ్భై దగ్గర ఆగిపోయింది. గోటితో రెండుసార్లు కొట్టాడు. కదల్లేదు.

"ఏటి మాస్టరూ, నీ ముల్లు అబద్దాలాడతంది!" అన్నాడు టీ తాగుతున్న ఆటో అతను. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేను నవ్వాను.

ఇప్పుడు కొత్త మీటరు పెట్టి, వారం వారం మరిగే నీళ్లలో ముంచి చూసుకుంటాడట. మంచిదే. నేను మాత్రం అటు వెళ్లినప్పుడల్లా బేకరీ అద్దాన్ని గోటితో రెండుసార్లు కొడతాను. ఆయన తలెత్తడు. ఈమధ్య చంకలోని మా బాబు నాకంటే ముందే కొడుతున్నాడు.