సైరన్ మోగితేనే తారీఖు మారుతది

మా బొగ్గుబాయి ఆఫీసుల ఉన్నదే ఒక్క కంప్యూటరు. హాజరు లెక్కల కోసం దాంట్ల నేనే ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాష తయారు చేసిన. అండ్ల తారీఖులు తప్పుతున్నయని మూడు రోజుల నుంచి తల పట్టుకొని కూసున్న. ఇయ్యాల పొద్దుగాల మల్లయ్య కాక నైట్ డ్యూటీ అయినంక బొగ్గు మొఖంతోనే సక్కగ నా దగ్గరికి వచ్చిండు.

"రాత్రంత బాయిల పనిచేస్తే నాగా ఏసిందేంది నీ డబ్బా?"

"పన్నెండు దాటంగనే బుధవారం అయింది కాక. బుధవారం నువ్వు బాయిలకు దిగినట్టు దానికి కనవడలే."

"మంగళారం దిగినోనికి తెల్లారేదాక మంగళారమే బిడ్డా. పొద్దుగాల సైరన్ మోగితేనే మాకు రోజు మారుతది. గంత సదివినవ్, గిది తెల్వదా?"

పన్నెండు తీసేసి సైరన్ టైం పెట్టిన. ఒక్కటే లైను! కాక నాగా పోయింది.

నేను పుట్టింది తెల్లారగట్ల నాలుగింటికి. నాయిన అప్పుడు నైట్ డ్యూటీల ఉన్నడట. సర్టిఫికెట్ల తారీఖుకు ఒకరోజు ముందే నా పుట్టినరోజని నన్ను కన్న అవ్వ ఇప్పటికీ కొట్లాడుతది. ఇన్నేండ్లు అవ్వకే లెక్క రాదనుకున్న.

మీ ఇంట్ల రోజు ఎప్పుడు మారుతది? జెర చెప్పుండ్రి. ఈసారి పాయసం అవ్వ చెప్పిన రోజే తింట.