దక్షిణం చూపని బాణం

వన్ టౌన్‌లో ఒకప్పుడు సన్యాసిరాజు చేత్తో రాసిన బోర్డు లేని సందు ఉండేది కాదు. రెండువేల నాలుగు వచ్చేసరికి ఫ్లెక్సీలు గంటలో చేతికొస్తున్నాయి. ఆయన కుంచెలకి కిరసనాయిల్లో నానడమే పనిగా మిగిలింది. అలాంటప్పుడు పార్కుల ఇంజనీరు గుణశేఖర్ పిలిచి, కొత్త పార్కులో దారి చూపే పన్నెండు బోర్డులు రాయమన్నాడు. నచ్చితే ఊళ్లో పార్కులన్నీ ఆయనకే. లేదంటే కొట్టు మూసుకోవడమే.

సన్యాసిరాజుకి ఒక పట్టింపు ఉంది. కొత్త పనిలో మొదటి బాణం యముడి దిక్కుకి గీయడు. జాబితాలో మొదటిదేమో ఆడవాళ్ల మరుగుదొడ్డి, అదేమో పార్కుకి దక్షిణం మూల.

"రెండోది ముందు రాసుకోరాదేటి?" అంది భార్య గౌరీశ్వరి.

"వరస తప్పితే అదీ అపశకునమేనే," అని, బాణాన్ని ఉత్తరానికి గీశాడు, చివర్లో దిద్దుకుందామని.

ఆయన రంగు కొనడానికి పూర్ణా మార్కెట్‌కి వెళ్లిన పూట, బోర్డులు పట్టుకెళ్లే వ్యాన్ ఒకరోజు ముందే వచ్చింది. రంగులు ఆరిపోయాయి కదాని, దిద్దాల్సిన బాణం సంగతి మరిచి గౌరీశ్వరి పన్నెండూ ఎక్కించేసింది.

మర్నాడు ప్రారంభోత్సవం. సన్యాసిరాజు కుంచె పట్టుకుని పార్కుకి పరుగెత్తుకొచ్చేసరికే ఇంజనీరుగారి అత్తగారు కుసుమకుమారి అవసరం కొద్దీ బాణం వెంట వడివడిగా నడిచి, ఉత్తరం మూల పంపు దగ్గర తేలింది. అక్కడ తోటమాలి నీలకంఠం గోచీ ఒక్కటే పెట్టుకుని ఒళ్లు రుద్దుకుంటున్నాడు.

"ఓలమ్మో! ఇలగొచ్చేసినారేటమ్మా?"

"బోర్డు ఇటే రమ్మందయ్యా!" అని ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

నవ్వనివాడు గుణశేఖర్ ఒక్కడే. సన్యాసిరాజు జరిగిందంతా దాచకుండా చెప్పి, "రెండు నిమిషాల్లో తిప్పేత్తాను బాబూ," అన్నాడు.

"సరే. రేపు ఇంకో పార్కులో మొదటి బోర్డు దక్షిణానికే ఉంటే?"

గీస్తానంటే సరిపోయేది. అబద్ధమాడినా పోయేదేమీ లేదు. సన్యాసిరాజు నేల చూపులు చూశాడు.

"మొదటిదైతే... నాను గీయలేను బాబూ."

పార్కులన్నీ కంప్యూటర్ మీద ఫ్లెక్సీలు వేసే కొట్టు నాగవంశీకి వెళ్లాయి. సన్యాసిరాజు కొట్టు మూసిన నెలకి ఆ నాగవంశీయే జాలిపడి, నిచ్చెన పట్టుకునే పని ఇచ్చాడు.

"వంకరేటైనా ఉందేటి బావా?" నిచ్చెన పైనుంచి కేకేశాడు నాగవంశీ, మొదటి రోజే.

బోర్డు ఎడమవైపు రెండు వేళ్లు దిగి ఉంది. ముప్పై ఏళ్ల కన్ను, గీత ఎక్కడ వాలినా పట్టేస్తుంది; ఇప్పుడూ పట్టేసింది.

"బాగానే ఉంది, దిగిపో," అన్నాడు సన్యాసిరాజు.