గోడ అవతలి అడుగుల చప్పుడు

గద్వాలలో షేర్ ఆటో నిండిందని డ్రైవరు ఒప్పుకోగా నేనెన్నడూ చూడలేదు. ముగ్గురి సీటులో ఐదుగురం సర్దుకున్నాక కూడా ఆయన రోడ్డు వైపు ఆశగా చూస్తూనే ఉంటాడు. ఆఫీసుకు ఆలస్యంగా వచ్చేవాడికి ఇంతకంటే మంచి సాకు దొరకదు కాబట్టి నేనూ పెద్దగా ఎదిరించలేదు.

2008లో మా స్వచ్ఛంద సంస్థ ఆఫీసంటే ఒక గది, రెండు ఫోన్లు. పల్లెల్లోని ముసలివాళ్లు మిస్డ్ కాల్ ఇస్తే మేం తిరిగి చేసి, వాళ్లకు ఏ వైద్యం అవసరమో, ఏది అందడం లేదో కనుక్కోవాలి. మా భాషలో దాన్ని ‘నీడ్స్ అసెస్‌మెంట్’ అంటారు. చిక్కల్లా ఒకటే. మా పాలమూరు జిల్లా ముసలివాళ్లకు ఏ జబ్బూ ఉండదు. కావాలంటే అడిగి చూడండి.

ఒకరోజు అమరచింత దగ్గరి పల్లె నుంచి బాలమ్మ మిస్డ్ కాల్ ఇచ్చింది. తిరిగి చేశాను.

“పానం ఎట్లుంది అవ్వా?”

“మంచిగున్నది బిడ్డా.”

“మోకాళ్లు?”

“మంచిగున్నయ్.”

“కండ్లు?”

“మస్తుగున్నయ్.”

“మరి ఫోనెందుకు చేసినవ్?”

బాలమ్మ గొంతు తగ్గించింది. “మా తోటికోడలు చెన్నమ్మ గోడకవుతల ఉంటది. షుగరున్నది దానికి. కాలు ఈడుస్తున్నది, వాసన గూడ వస్తున్నది. జర జీపు పంపు. నేను చెప్పిన్నని మాత్రం చెప్పకు. మాకు మాటల్లేవు.”

అన్నదమ్ములు ఏరుపడ్డ నాడు లేచిన గోడ అది. అన్నదమ్ములిద్దరూ పోయారు, గోడ బాగానే ఉంది.

షుగరున్న మనిషి కాలికి పుండు పడి వాసన కొడుతోందంటే, ఆలస్యమైతే కాలే తీసేయాల్సి రావచ్చు. మా నర్సు జీపులో వెళ్లి, అక్కడి నుంచి ఫోన్ చేసింది. చెన్నమ్మ ఎక్కనంటోందట. ఆమెకే ఇమ్మన్నాను.

“నా కాలు సంగతి నీకెవరు చెప్పిండ్రు సారూ?”

“ఎవరో చెప్పిండ్రులే అవ్వా.”

“గోడకవుతలదేనా? చూసిందంటనా? దానికి కండ్లెక్కడియి! రెండు కండ్లకూ పొర. మొన్న నేననుకొని నా బర్రెతోని కొట్లాడింది.”

నాకు అప్పుడు అర్థమైంది. బాలమ్మ ఆ కాలును చూడనే లేదు. గోడకు ఇవతల కూర్చుని అడుగుల చప్పుడు విన్నది.

“ఆమెను గూడ దవాఖానకు తీస్కపోతం. నువ్వెక్కుతవా?”

“ముందుగాల దాన్ని ఎక్కించుండ్రి. నేను ఎన్క కూసుంట.”

దారి పొడుగునా ఇద్దరూ నర్సుతోనే మాట్లాడారట.

డాక్టరు ఒక వేలు తీసేశాడు. కాలు నిలిచింది. ఆ కబురు విన్నాక చాలాసేపు ఇంకో నంబరు నొక్కబుద్ధి కాలేదు. మా ఉద్యోగంలో ఇంతకంటే పెద్ద సంబరం ఉండేది కాదు.

ఆనాటి నుంచి ‘నీకెట్లుంది’తో పాటు ‘పక్కింట్ల ఎట్లున్నరు’ అని కూడా అడగడం మొదలుపెట్టాను. మావైపు తన జబ్బు తాను చెప్పుకోవడం నామోషీ. పక్కవాళ్లది చెప్పడానికి మాత్రం అడ్డేమీ లేదు.

కంటి పొరలకు ఆపరేషన్ అయ్యాక బాలమ్మకు ఫోన్ చేశాను. ఇప్పుడు బాగా కనపడుతోందా అని అడిగాను.

“కనవడుతున్నది. గోడ మీంచి దాన్ని చూసిన. గింత ముసల్దెప్పుడైంది? నాకొక్కరు గూడ చెప్పలేదేంది?”