కూతురి లాటిన్ పాఠాలు

కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆయన పని. ఆయన నోరు తెరిచి నాలుగు మాటలు మాట్లాడితే ఆ రోజు వాన ఖాయమని తోటివాళ్ళు వేళాకోళం ఆడేవారు. అలాంటి మనిషి యాభై దాటాక లాటిన్ నేర్చుకోవడానికి బయల్దేరేసరికి అందరూ ముక్కున వేలేసుకున్నారు.

నిజానికి ఆ చదువు కూతురిది. మొక్కల శాస్త్రం చదవాలని దాని ఆశ. మొక్కల పేర్లన్నీ ఆ భాషలోనే ఉంటాయంటూ గ్రంథాలయం మేడ మీద జరిగే సాయంత్రం తరగతిలో చేరింది. చేరి నెల తిరగలేదు, జ్వరం తగిలింది. ఆస్పత్రికి తన కాళ్ళ మీద నడిచివెళ్ళిన పిల్ల మళ్ళీ గడప తొక్కలేదు.

కొన్నాళ్ళకు ఆయన దాని పుస్తకం చంకన పెట్టుకుని వెళ్ళి, అది కూర్చునే బల్ల దగ్గరే కూర్చున్నాడు. పాఠం చెప్పే టీచరమ్మ కాదనలేకపోయింది.

"పోయిన పిల్ల పాఠాలు మీరు చదివితే అది తిరిగొస్తుందా?" అంది భార్య.

"సగంలో ఆపేసింది కదే. ఇంకాస్త ముందుకు తీసుకెళ్తా."

ఎంత కుస్తీ పట్టినా బుర్రకెక్కేది కాదు. విభక్తులు అప్పజెప్పమంటే చిన్నప్పటి డుమువులు అడ్డొచ్చేవి. 'రోసా' అంటే గులాబీ అని విన్నప్పుడు మాత్రం, "అంటే మన రోజా పువ్వే కదమ్మా!" అనేశాడు. తరగతంతా గొల్లున నవ్వింది. ఆయనా నవ్వాడు. పిల్ల పోయాక అదే మొదటిసారి.

చలి మొదలయ్యేనాటికి భూతకాలం వచ్చింది. 'ఎస్ట్' అంటే ఉంది, 'ఎరాట్' అంటే ఉండేది. పుస్తకంలోని వాక్యాలను భూతకాలంలోకి మార్చమంది టీచరమ్మ. నావికుడి వాక్యం మార్చాడు. రైతు వాక్యం మార్చాడు. ఆ తర్వాతది 'ఫిలియా డొమీ ఎస్ట్'. కూతురు ఇంట్లో ఉంది.

పెన్ను కదల్లేదు.

"ఒక్క మాటే కదా బాబాయ్, మార్చేయండి," అంది పక్క బల్ల దగ్గర తనూ పాఠం నేర్చుకుంటున్న నర్సు.

"ఆ ఒక్కటే నా వల్ల కావట్లేదమ్మా."

టీచరమ్మకు సంగతి అర్థమై, "అది వదిలేసి పక్కది రాయండి" అంది. ఆయన తల అడ్డంగా ఊపి, పుస్తకం మూసి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఇంటికెళ్ళి జరిగింది భార్యకు చెప్పాడు. ఆమె విని, "'ఉంది' అన్నది ఎలా అనాలో నాకూ చెప్పండి" అంది. ఆయన చెప్పాడు. ఆమె తప్పుగా పలికింది. ఆయన దిద్దలేదు.

మళ్ళీ తరగతికి వెళ్ళలేదు. ఇంట్లో పిల్ల ఊసు ఎప్పుడు వచ్చినా, ఇద్దరిలో ఎవరు ఎత్తుకున్నా, మాట క్రియ దాకా రాకుండానే తెగిపోయేది.