పిడికెడు అడుగు మన్ను

ఆ రోజుల్లో మా లక్సెట్టిపేట వైపు పిల్లవాడు పెద్దవాడయ్యాడా లేదా అన్నది మీసం చూసి తేల్చేవారు కాదు, పిడికిలి చూసి తేల్చేవారు. వ్యవసాయ బావిలో దూకి, అడుగు దాకా మునిగి, పిడికెడు మన్ను పట్టుకొని తేలినవాడు మొనగాడు. ఉత్త చేతులతో తేలినవాడు గడ్డ మీద కూర్చొని మిగతావాళ్ల బట్టలకు కాపలా కాయాలి. మాలో మొదటి మొనగాడు మా మేనబావ. ఆ తర్వాత రెండు ఎండాకాలాలు నేనూ మొనగాణ్నే. (ఆ మన్ను ఎక్కడిదో ఇన్నేళ్లకు చెప్పుకుంటున్నాను. నవ్వుకోండి, ఫరవాలేదు.)

నిజానికి నా మోజంతా నీళ్లలో కళ్లు తెరిస్తే కనిపించే ఆ లోకం మీద. పైన ఎండ మాడ్చేస్తుంటే లోపల చల్లటి ఆకుపచ్చ వెలుగు, రాళ్ల సందుల్లోంచి తొంగిచూసే చిన్న చేపలు. మా అవ్వ ఎంత గొంతు చించుకున్నా అక్కడికి వినిపించేది కాదు, అదొక లాభం. కానీ మూడు నిలువుల నీళ్లలో ఒకటిన్నర నిలువు దిగేసరికి చెవులు పోటెత్తి పైకి తన్నుకొచ్చేవాణ్ని. ఒకనాడు అలా వస్తుంటే గోడలో రాయి ఊడిన గూడు ఒకటి చేతికి తగిలింది. దాన్నిండా మెత్తటి నల్ల మన్ను. పిడికెడు తీసుకొని తేలాను. మేనబావ చప్పట్లు కొట్టాడు. అప్పటినుంచి ఆ గూడే నా ఖజానా.

ఆ ఏడు యాసంగి వరి పాలు పోసుకునే వేళకు మా మోటరు నీళ్లు ఎత్తడం మానేసింది. అడుగున పైపు కొనకుండే ఫుట్‌వాల్వుకు ఆకులు పట్టాయన్నాడు మెకానిక్. ఎప్పుడూ మునిగి తీసే ఈతగాడు కొండగట్టు అంజన్నకు మొక్కు తీర్చడానికి పోయాడు, మూడు రోజుల దాకా రాడు. బాపు దిగలేడు. బావి తవ్వించినప్పుడు మందుగుండు తోటా పేలి ఆయనకు ఒక చెవి పోయింది, నీళ్లలో మునగొద్దని డాక్టరు మాట. మడి అప్పటికే నెర్రెలు బారింది. మూడు రోజులు ఆగితే గింజలన్నీ తాలే, ఏడాది తిండి పోయినట్టే.

"ఫికర్ లేదు. మావోడు రోజు అడుగు మన్ను తెస్తనే ఉన్నడు" అన్నాడు బాపు.

బాపు స్టార్టరు ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నాడు, నా నడుముకు మోకు కట్టి కొన తన చేతికి చుట్టుకున్నాడు. దేవుడా అనుకుంటూ దూకాను. ఒకటిన్నర నిలువు దగ్గర చెవులు పోటెత్తాయి. భయంలో అలవాటు చొప్పున చేయి గూట్లోకి పోయింది. తేలి చూసుకుంటే పిడికిట్లో మన్ను.

"మన్నెందుకు బిడ్డా, ఆకులు గావాలె" అన్నాడు బాపు, నవ్వకుండా. తర్వాత మెల్లగా, "జర ఊపిరి తీసుకో. ముక్కు పట్టుకొని చెవులల్లకు గాలి ఊదు. పైపు పట్టుకొని దిగు, ఈదకు. వశం గాకుంటే మోకు గుంజు, నేనున్న" అన్నాడు.

ఈసారి పైపు మీద చేయి మార్చి చేయి వేస్తూ దిగాను. చెవుల్లో టప్పుమంది, నొప్పి పోయింది. గూడు దాటాను. ఇంకా దిగితే వెలుగు పలచబడింది, తలెత్తితే బావి నోరు తమలపాకంత కనిపించింది. అంత ప్రశాంతత నేను మళ్లీ ఎక్కడా ఎరగను. కాలు అడుగుకు తగిలింది. బండ. నున్నటి, చల్లటి బండ. చిటికెడు మన్ను లేదు. ఆశ్చర్యపోవడానికి ఊపిరి మిగల్లేదు కనుక దొరికిన ఆకులన్నీ పీక్కొని పైకి వచ్చాను.

మోటరు నీళ్లు పోసింది. మడి తడుస్తుంటే ఒడ్డు మీద బాపు పక్కన కూర్చున్నాను.

"బాపూ, అడుగున మన్ను లేదు."

"ఏడికెళ్లుంటది? బండను పేల్చి తవ్వినం."

"మరి ఇన్నొద్దులు ఎందుకు చెప్పలే?"

"చెప్తె మల్ల దిగుతుంటివా? గంత ఇష్టంగ మునుగుతున్నవ్, ఎప్పుడన్న అడుగు దొరుకుతదనుకున్న."

నాకు ఏడుపొచ్చింది. మొహం ఎలాగూ తడిగానే ఉంది కనుక బయటపడలేదు.

మర్నాడు మేనబావ దూకి, పిడికెడు నల్ల మన్నుతో తేలాడు. అప్పుడు వెలిగింది నాకు. నోటిదాకా వచ్చిన మాట మింగి, గడ్డ మీదినుంచి చప్పట్లు కొట్టాను.

మొన్న ఒక పెళ్లిలో మోకాళ్లకు తైలం రాసుకుంటూ మనవళ్లకు చెబుతున్నాడు మేనబావ, "మా బావి అడుగు మన్ను తెచ్చినోళ్లం మేమిద్దరమే" అని. ఔనా కాదా అన్నట్టు నా వైపు తిరిగాడు.

"ఔ, ఇద్దరమే" అన్నాను.