బాబాయ్ రూలు

"...అందుకే కుర్చీ వెనక్కి వాలడం లేదు బాబాయ్ గారూ! పేషెంటు నిలువునా కూర్చుని నోరు తెరిస్తే, నేను పీటెక్కి పన్ను పీకాలా?"

"కిర్రుమంది డాక్టర్ గారూ. బిగించాను."

"పన్ను నొప్పని వచ్చినవారు పన్ను సంగతి చూసుకోవాలి గానీ, నా కుర్చీ సంగతి మీకెందుకండీ?"

రేస్ ట్రాక్ పక్కన రేకుల షెడ్డులో ఈ గొడవ జరుగుతుంటే, రేసుకి సిద్ధమవుతున్న అమ్మాయి నవ్వాపుకుంటూ బూట్ల లేసులు కట్టుకుంటోంది. ఆమె బాబాయ్‌కి ఉన్న జబ్బు ఒక్కటే. లోకంలోని నట్లూ మరలూ అన్నీ వదులుగా ఉన్నాయనీ, వాటిని బిగించే పూచీ తన నెత్తిన పడిందనీ ఆయన నమ్మకం.

కాలు కాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంటాడు. మంగలి షాపులో సగం క్షవరం మధ్య, మెడలో గుడ్డతోనే లేచి అద్దం మర బిగించొచ్చిన మనిషి. ఇంట్లో డబ్బాల మూతలు సరేసరి. పిన్ని పంచదార డబ్బా ఒళ్లో పెట్టుకుని, ఆయన వచ్చేదాకా టీ లేకుండా కూర్చునేది. ఒకసారి కోపమొచ్చి స్పానర్ దాచేసింది. చెంచా కాడతో కానిచ్చాడు.

ఇలాంటి మనిషికి ఆ పోటీ దొరకడం కోతికి కొబ్బరికాయ దొరికినట్టే అయింది. పాత టైర్ల వ్యాపారి ఒకాయన మొదలుపెట్టిన చవక పోటీ అది. ఒక్క మనిషే పట్టే పొట్టి రేసు కార్లు, వాటికి పాత కార్లనుంచి ఊడదీసిన ఇంజిన్లు. డబ్బున్నవాడు మంచి కారు కొనుక్కుని గెలవకుండా, కార్లన్నీ వ్యాపారివే. రేసు రోజు ఉదయం హెల్మెట్లో చీటీలు వేస్తారు. ఎవరికి ఏ కారు వస్తే వారు అదే నడపాలి.

"ఏది మనకొస్తుందో ఎవరికి తెలుసమ్మడూ?" అంటూ బాబాయ్ చీటీలకు ముందే కార్లన్నీ బిగించేవాడు. అంతవరకూ ఎవరికీ అభ్యంతరం లేదు. చీటీలు పడ్డాక కూడా ఆయన చెయ్యి ఊరుకోకపోవడంతోనే చిక్కొచ్చింది. ఒకసారి, అమ్మాయిలాగే పోటీలో నడిపే ఈ పళ్ల డాక్టరు కారు అద్దాన్ని బిగించి బిగించి, చివరికి ఊడిన అద్దాన్ని ఆయన చేతిలోనే పెట్టాడు. దాంతో వ్యాపారి కొత్త నియమం పెట్టాడు. చీటీ పడ్డాక ఎవరైనా పక్కవాళ్ల కారు ముట్టుకుంటే, వాళ్ల డ్రైవరు చివరి వరుసనుంచి బయలుదేరాలి. అందరూ దాన్ని బాబాయ్ రూలనేవారు.

రెండో ఏడు ముగిసేలోపే ఆ పోటీకి నూకలు చెల్లాయి. ట్రాక్ స్థలంలో గోదాములు కడతారట. ఆరోజుదే ఆఖరి రేసు. అమ్మాయీ పళ్ల డాక్టరూ పాయింట్లలో సమానం. వాళ్లిద్దరిలో ముందొచ్చినవారికి కప్పు, దాంతోపాటు పెద్ద పోటీలో ఏడాదిపాటు కారు నడిపే సీటు. డాక్టరుకి అది సరదా. డ్రైవింగ్ స్కూల్లో జనానికి క్లచ్ నేర్పి నేర్పి విసిగిన అమ్మాయికి అదొక్కటే దారి.

"బాబాయ్, ఇవాళ ఒక్కరోజు చేతులు జేబులో పెట్టుకో."

"పెట్టుకున్నానుగా."

"ముందు జేబులోంచి స్పానర్ తీసి, అప్పుడు పెట్టుకో."

అమ్మాయిది మొదటి వరుస. బెల్టులు కట్టుకుని కూర్చుంది. పక్కనే డాక్టరు కారు కిందనుంచి రెండు కాళ్లు బయటికి కనిపించాయి. తెగిన పట్టీకి నట్టూ బోల్టూ వేసిన చెప్పులు ఊరు మొత్తానికి ఒక్కరివే.

"బాబాయ్!" అరవడానికి హెల్మెట్ అద్దం పైకెత్తబోయింది. కదల్లేదు. పొద్దున్నే దాని మరలు కూడా బిగించాడు. అద్దం వెనకనుంచే అరిచింది. "చీటీలు అయిపోయాయి! ఆ కారు ఇంక మనకి రాదు! ఇదే ఆఖరి రేసు!"

బాబాయ్ మసి మొహంతో పాక్కుంటూ బయటికొచ్చాడు. "అందుకే కదమ్మడూ. ఇవాళ కాకపోతే ఇంకెప్పుడు బిగిస్తాను?"

వ్యాపారి పరుగెత్తుకొచ్చాడు. "ఏం ముట్టుకున్నారు?"

"స్టీరింగ్ నట్టండీ. వేళ్లతోనే తిరిగిపోతోంది. మొదటి మలుపు దాకా కూడా ఉండేది కాదు."

"మాతో చెప్తే మేమే బిగించేవాళ్లంగా! రూలు గొడవే ఉండేది కాదు!"

బాబాయ్ తెల్లబోయాడు. "అవును సుమండీ. చెయ్యి ముందు వెళ్లిపోయింది."

రూలంటే రూలే. అమ్మాయి కారుని చివరి వరుసలోకి తోశారు. డాక్టరు స్టీరింగ్ వంకే చూస్తూ ఉండిపోయాడు.

"ఇకమీదట నా కారు దగ్గరికి రాకు బాబాయ్," అంది అమ్మాయి.

ఆ రేసులో ఆమె అందరినీ దాటింది, ఒక్క డాక్టరుని తప్ప. అతని స్టీరింగ్ ఎంత చక్కగా తిరిగిందంటే, ఏ మలుపులోనూ ఆమెకి సందు దొరకలేదు.

డాక్టరు కప్పు చంకలో పెట్టుకుని నేరుగా షెడ్డులోకి వచ్చాడు. "బాబాయ్ గారూ, పెద్ద పోటీకి మెకానిక్‌ని నన్నే తెచ్చుకోమంటున్నారు. మీరు నాతో రావాలి."

"ముందు మీ కుర్చీ విప్పాలిగా?"

"దాన్ని అలాగే ఉండనివ్వండి. పీట కొనుక్కుంటాను."

బాబాయ్ డాక్టరు చంకలో ఉన్న కప్పు అడుగుమరని వేళ్లతో తిప్పుతూ అమ్మాయి వైపు చూశాడు. ఆమె ఎందుకో ఇంకా హెల్మెట్ తీయలేదు.

"బాబాయ్‌ని ఇవ్వను డాక్టర్ గారూ," అంది అద్దం వెనకనుంచి. "సోమవారం నుంచి మేమిద్దరం ఇంకో పోటీ వెతుక్కుంటున్నాం."