ఒకటో తరగతిలో అద్దాల పాఠం

విమానాలతో నా గొడవ ఈ రోజుతో తీరిపోయిందనుకున్నాను. విమానాశ్రయం పక్కనే ఉన్న కొత్వాల్‌గూడలో మా ఒకటో తరగతి వరండాలో నడుస్తుంది. చప్పుడు వినిపిస్తే చాలు, పిల్లలందరూ వెనక్కి తిరిగి ఆకాశం చూస్తారు. నా ఇంగ్లిష్ పాఠం గాలికి పోతుంది. అందుకే పొద్దున్నే చెప్పేశాను, తల తిప్పితే ఊరుకోనని. తర్వాత అందరికీ చిన్న చిన్న అద్దాలు పంచాను. ‘క్యాట్’ అన్నప్పుడు నోరెంత తెరుచుకుంటుందో, ‘కట్’ అన్నప్పుడు ఎంత తగ్గుతుందో వాళ్లే చూసుకోవాలని.

విమానం వచ్చింది. ఒక్కరూ తల తిప్పలేదు! అందరూ నోళ్లు తెరుచుకుని అద్దాల్లోకే చూస్తున్నారు. పొంగిపోయి, శ్రావణి వెనక నుంచి వంగి చూశాను. అద్దంలో నోరు లేదు, విమానం ఉంది.

"నోరు చూసుకోమంటే ఏం చూస్తున్నావే?"

"తలకాయ తిప్పలే గద టీచర్! జర పక్కకు జరుగు, అది పోతున్నది."

పక్కకు జరిగాను. మళ్లీ చప్పుడు వినిపించగానే నేనూ ఒక అద్దం పట్టుకున్నాను. రెక్క ఒక్కటే దొరికింది. మొత్తం విమానం పట్టాలంటే అద్దం ఎంత వంచాలో మీలో ఎవరికైనా తెలుసా? శ్రావణిని అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు.